తొమ్మిదో తరగతికి రాకెట్టు పాఠం: కాగితం, సీసా, సైకిలు పంపుతో ఎంతవరకు చెప్పవచ్చు?

కావలి తూర్పు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కావలికి, సముద్రానికి నడుమ ఉన్న ఒక పల్లెలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా తొమ్మిదో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు ఉన్నారు. శ్రీహరికోట నుంచి రాత్రిపూట ప్రయోగం జరిగినప్పుడు, మబ్బు లేకపోతే, మా ఊరి డాబాల మీద నుంచి దక్షిణాన ఒక నిప్పుచుక్క లేచి సముద్రం వైపు వంగి పోవడం కనిపిస్తుంది. 2022లో జరిగిన జిల్లాల విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లిపోయింది గానీ, మా పిల్లల దృష్టిలో అది నేటికీ నెల్లూరు రాకెట్టే.

కళ్లతో చూస్తున్న పిల్లలే కదా అన్న ధైర్యంతో, గమన నియమాల పాఠం మొదలుపెట్టే ముందు "రాకెట్టు పైకి ఎలా లేస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబును చీటీల మీద రాయమన్నాను. సగానికి పైగా "మంట నేలను తన్నడం వల్ల" అనీ, మిగిలినవారిలో చాలామంది "మంట గాలిని కిందికి నెట్టడం వల్ల" అనీ రాశారు. ఒక అమ్మాయి మాత్రం జవాబు రాయకుండా "పైన గాలి ఉండదంటారు కదా, మరి అక్కడ దేన్ని నెడుతుంది?" అని ఎదురు ప్రశ్న రాసి ఇచ్చింది. ఆ చీటీని నా డైరీలో దాచుకున్నాను.

ఈ పాఠాన్ని పిల్లల చేత చేయించి చెప్పాలని ఉంది. నాకు దొరికేవి నాలుగైదు పీరియడ్లు, పెట్టగలిగినది నా జేబులోని కొద్దిపాటి సొమ్ము. ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. లోగడ నేను పనిచేసిన మరొక బడిలో, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఈనో పొడి, నీళ్లు వేసి మూత బిగించి ఎగరేసే ప్రయోగం చేయిస్తుండగా, "ఇంకా లేవలేదేమిటి" అని ఒక పిల్లవాడు వంగి చూశాడు. అదే క్షణంలో డబ్బా లేచి అతని కనుబొమకు తగిలింది. కన్ను తప్పింది గానీ ఆ తప్పు నాదే, ఆ భయం నన్ను వదలలేదు. కాబట్టి ఏ ప్రయోగం దేన్ని నేర్పుతుందో, ఏది ఎంతవరకు క్షేమమో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు

మాస్టారూ, మీ ప్రశ్నలో సగం జవాబు ఆ అమ్మాయి చీటీలోనే ఉంది. ఆమె అడిగిన దాన్నే పెద్దలు కూడా తప్పుగా అర్థం చేసుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ 1920లో, శూన్యంలో కూడా రాకెట్టు పనిచేస్తుందని చెప్పినప్పుడు, న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన సంపాదకీయంలో ఆయనకు హైస్కూలు పిల్లలకు చెప్పేపాటి జ్ఞానం కూడా లేదన్నట్టు ఎగతాళి చేసింది. నెట్టడానికి గాలి లేని చోట రాకెట్టు ఎలా కదులుతుందన్నది ఆ పత్రిక వాదన. 1926 మార్చి 16న గొడార్డ్ పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే మొదటి రాకెట్టును రెండున్నర సెకన్ల పాటు ఎగరేశారు. అపోలో 11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు, అంటే 1969 జూలై 17న, ఆ పత్రిక తన పొరపాటును సవరించుకుంది. ఈ కథను మీ తరగతిలో చెప్పండి, అయితే పాఠం చివర మాత్రమే చెప్పండి. ముందే చెబితే పిల్లలు సరైన జవాబును వల్లె వేస్తారు గానీ, తమ పాత జవాబును లోపల అలాగే ఉంచుకుంటారు.

ఇక ప్రయోగాల విషయం. బడుల్లో రాకెట్టు పేరుతో చేయించేవన్నీ రాకెట్లు కావు, ఈ తేడాను చాలామంది ఉపాధ్యాయులు గమనించరు. ఖాళీ కూల్‌డ్రింకు సీసాను కాలితో తొక్కితే, గొట్టం చివర తొడిగిన కాగితం రాకెట్టు ఎగురుతుంది. అది చూడముచ్చటగా ఉంటుంది గానీ, గొట్టాన్ని వదిలిన మరుక్షణం నుంచి దాన్ని నెట్టేది ఏదీ ఉండదు. అది ఊదుడు గొట్టంలోంచి వచ్చిన పుల్లలాంటిది, విసిరిన రాయితో సమానం. దాంతో దిశ, నిలకడ, రెక్కల పని, గాలి నిరోధం నేర్పవచ్చు, చర్య ప్రతిచర్యలను నేర్పలేము. బెలూన్ అందుకు విరుద్ధం. దారానికి స్ట్రా గుచ్చి, స్ట్రాకు ఊదిన బెలూన్‌ను టేపుతో అంటించి వదిలితే, అది తనలోని గాలిని వెనక్కి పారబోస్తూ తాను ముందుకు పోతుంది. అది నిజమైన రాకెట్టే, నిలకడ లేనందువల్లనే దానికి దారం కావలసి వచ్చింది. ఈ రెండు గుణాలూ ఒకచోట కలిసేది నీటి రాకెట్టులో. కాబట్టి మీ వరుస బెలూన్, తొక్కుడు రాకెట్టు, నీటి రాకెట్టు అని ఉండాలి.

మీ పిల్లలకు ప్రతిచర్య కొత్త సంగతి కాదు. వాళ్ల ఊళ్లో పడవ మీద నుంచి గట్టు మీదికి దూకిన ప్రతివాడికీ పడవ వెనక్కి జారుతుందని తెలుసు. రొయ్యల చెరువు దగ్గర మోటారు వేయగానే, కట్టకుండా వదిలిన పైపు కొన పాములా ఎగిరి వెనక్కి తన్నడం వాళ్లు చూసే ఉంటారు. పైపు దేన్ని నెట్టి వెనక్కి తన్నింది? నేలనా, గాలినా, తనలోంచి పోతున్న నీళ్లనా? ఈ మూడు మాటలను బోర్డు మీద రాసి పది నిమిషాలు వాదించుకోనివ్వండి. నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠాల్లో, నేను మాట్లాడకుండా ఊరుకున్న ఆ పది నిమిషాలే బాగా పనిచేశాయి.

ఈనో డబ్బాను పూర్తిగా వదిలేయనక్కరలేదు. అందులో ఉన్నది వంటసోడా, సిట్రిక్ ఆమ్లం. నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి మూతను తోస్తుంది. పొడిని పలచని కాగితంలో పొట్లం కట్టి వేస్తే దూరం జరగడానికి కొన్ని సెకన్లు వ్యవధి దొరుకుతుంది. కళ్లద్దాలు లేకుండా మాత్రం వద్దు. అగ్గిపుల్లల మందు, టపాకాయల మందు జోలికి ఏ నెపంతోనూ పోవద్దు. పిల్లలు ఇంటి దగ్గర సొంతంగా చేసి చూస్తారన్న మాటను ఎప్పుడూ మరచిపోకూడదు.

పొదిలి ఐటీఐ

పెద్దాయన చెప్పిన వరుస సరిగ్గా ఉంది. నేను ఫిట్టర్ ట్రేడులో శిక్షకుణ్ణి, చుట్టుపక్కల బడులకు నీటి రాకెట్టు లాంచరు చేసి ఇస్తుంటాను గనుక దాని గురించి మాత్రమే రాస్తాను.

సీసా తప్పనిసరిగా గ్యాసు కూల్‌డ్రింకుదే కావాలి. మంచినీళ్ల సీసా పలచగా, గాట్లు గాట్లుగా ఉంటుంది, ఒత్తిడిని ఆపలేదు. గోలీసోడా తాగినవారికి ఈ సంగతి వేరే చెప్పాలా? గ్యాసు పట్టే సీసా గోడ వేరు. రెండు లీటర్ల సీసాలో మూడో వంతు వరకు నీళ్లు పోయండి. పూర్తిగా నింపితే నీళ్లను తోయడానికి చాలినంత గాలి ఉండదు, నీళ్లే లేకపోతే వెనక్కి పారబోయడానికి బరువు ఉండదు. మూడో వంతు ఎందుకో పిల్లలనే కనుక్కోనివ్వండి. ఒకసారి పావు వంతు, ఒకసారి సగం పోసి ఎగరేస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

రబ్బరు బిరడాకు పంక్చరు షాపులో దొరికే పాత ట్యూబు వాల్వును బిగించి, సీసా మూతికి దోపి, సైకిలు పంపుతో గాలి కొట్టడం అందరూ చేసే పద్ధతి. అందులో ఉన్న చిక్కు ఏమిటంటే, బిరడా ఎప్పుడు ఊడుతుందో ఎవరికీ తెలియదు. మీ పిల్లవాడు వంగి చూసినట్టే ఇక్కడా వంగి చూస్తారు. నేను అర అంగుళం పీవీసీ పైపు వాడతాను. అది సీసా మూతిలో సరిగ్గా పడుతుంది. పైపుకు ఒక రబ్బరు రింగు తొడిగితే గాలి కారదు. పైపు చుట్టూ కేబుల్ టైలను నిలువుగా కట్టి, వాటి తలలు సీసా మెడ కింది అంచును పట్టుకునేలా చేస్తాను. ఆ తలల చుట్టూ ఒక పెద్ద పైపు ముక్క ఉంగరంలా కూర్చుంటుంది. దూరం నుంచి తాడుతో ఆ ఉంగరాన్ని కిందికి లాగితే టైలు విచ్చుకుంటాయి, రాకెట్టు లేస్తుంది. ఎప్పుడు లేవాలో మన చేతిలో ఉండటమే ఇందులోని అసలు ప్రయోజనం. పైపు ముక్కలకు మీకు ఖర్చే లేదు, చెరువుల గట్ల మీద కావలసినన్ని పడి ఉంటాయి.

ఒత్తిడిని చూపే మీటరు ఉన్న పంపు మాత్రమే వాడండి. పంక్చరు షాపు భాషలో 40 పాయింట్లు, అంటే మీటరు మీద 40 పీఎస్ఐ, దాటనివ్వకండి. కొత్త సీసాను మొదట అంచు దాకా నీళ్లతో నింపి 60 పాయింట్ల వరకు పరీక్షించండి. నీరు కుదించుకుపోదు గనుక పగిలినా పేలదు, చీలి కారుతుంది. హాట్ గ్లూ పెట్టిన సీసా, గీతలు పడిన సీసా, ఎండలో వదిలిన సీసా మళ్లీ వాడకూడదు. రెక్కలను టేపుతోనే అంటించండి. ముక్కుకు రబ్బరు బంతినో, స్పాంజినో పెట్టండి, మొన ఉండకూడదు. పిల్లలు పదిహేను మీటర్ల దూరంలో, తాడు కట్టిన గీత వెనుక నిలబడాలి. గాలి ఎక్కించాక లేవని రాకెట్టు దగ్గరికి ఎవ్వరూ, మీరు కూడా, పోకూడదు. అందుకే పంపు గొట్టానికి గాలి వదిలే వాల్వు ఒకటి మీ చేతి దగ్గర ఉండాలి.

ఒక్క లెక్క చెప్పి ఆపుతాను. 40 పాయింట్ల దగ్గర నీళ్లు సెకనుకు సుమారు 23 మీటర్ల వేగంతో బయటికి వస్తాయి. సీసా మూతి వైశాల్యం నాలుగు చదరపు సెంటీమీటర్ల లోపే, అయినా తొలి క్షణంలో వచ్చే నెట్టుడు దాదాపు 20 కిలోల బరువును మోయగలిగినంత ఉంటుంది. నీళ్లతో కలిపి రాకెట్టు బరువు ముప్పావు కిలోనే. నీళ్లన్నీ సెకనులో దాదాపు పదో వంతులోనే అయిపోతాయి. ఆ తరువాత అదీ విసిరిన రాయే.

నెల్లూరు తల్లి

నేను ఉపాధ్యాయురాలిని కాను, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయికి తల్లిని. మా అబ్బాయి చదివే ప్రైవేటు బడిలో వేలు ఖర్చు పెట్టి కిట్లు తెప్పించి, బయటి నుంచి వచ్చినవారు రాకెట్లు ఎగరేసి చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టి ఫోటోలు దిగారు. ఇంటికి వచ్చాక రెక్కలు ఎందుకు పెట్టారని అడిగితే "అందం కోసం" అన్నాడు. మీరు పైపు ముక్కలతో చేయిస్తే అంతకన్నా మేలే జరుగుతుంది.

కావలి తూర్పు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రెండు పీరియడ్లు అయ్యాయి. మోటారు పైపు మీద వాదన పది నిమిషాలు కాదు, పీరియడంతా జరిగింది. బెలూన్ తరువాత ఒక పిల్లవాడు లేచి "మంట నేలను తంతే, నేల దాటాక రాకెట్టు పడిపోవాలి కదా సార్, మేము డాబా మీద నుంచి చూసినప్పుడు అది పైన కూడా వేగంగానే పోతోంది" అన్నాడు. అతను తన చీటీని తానే కొట్టేసుకున్నాడు.

తొక్కుడు రాకెట్ల దగ్గర మాత్రం చిక్కుపడ్డాము. ఏ నాలుగు కాగితాల రాకెట్లు తీసుకున్నా రెండు గాలిలో పల్టీలు కొడుతున్నాయి. రెక్కలు ఉన్నవి కూడా కొడుతున్నాయి. పైగా "శ్రీహరికోట రాకెట్టుకు రెక్కలే లేవు, మనకెందుకు?" అని అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు

పల్టీ కొట్టిన రాకెట్లను పారేయకండి, అవే మీ మూడో పీరియడు. ప్రతి రాకెట్టుకూ రెండు బిందువులు ఉంటాయి. ఒకటి గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట చేరినట్టుండే బిందువు, వేలి మీద నిలిపితే దొరుకుతుంది. రెండోది పక్కనుంచి వీచే గాలి తోపు అంతా ఒకచోట చేరినట్టుండే బిందువు. దాన్ని కనుక్కోవడానికి రాకెట్టు పక్క ఆకారాన్ని రెక్కలతో సహా అట్ట మీద గీసి కత్తిరించి, ఆ అట్టను వేలి మీద నిలపండి. ఈ పద్ధతి ఉజ్జాయింపే గానీ బడికి సరిపోతుంది. గరిమనాభి రెండోదానికంటే ముక్కు వైపు, కనీసం రాకెట్టు మందమంత దూరంలో ఉండాలి. అలా ఉంటే పక్కకు తిరిగిన రాకెట్టును గాలే మళ్లీ సరిచేస్తుంది, లేకపోతే అదే గాలి ఇంకా తిప్పేస్తుంది. మీ పిల్లలు రెక్కలను నడుముకు అంటించి ఉంటారని నా అనుమానం. తోక చివరకు దించమనండి. అప్పటికీ కొడితే ముక్కులో కొంచెం బంకమన్ను పెట్టించండి. ఎగరేయడానికి ముందు గరిమనాభి దగ్గర దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి చూడండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే ఎగురుతుంది, అడ్డంగా తిరిగితే ఎగరదు.

పీఎస్ఎల్‌వీకి రెక్కలు లేని మాట నిజం. శ్రీహరికోట నుంచి ఉపగ్రహాలను మోసుకుపోయే ఆ రాకెట్టు 44 మీటర్ల పొడవు, 320 టన్నుల బరువు ఉన్న వాహనం. తన దారిని తానే దిద్దుకుంటుంది. మొదటి దశలో నాజిల్ (మంట బయటికి వచ్చే మూతి) పక్కనుంచి ద్రవాన్ని చిమ్మి మంటను పక్కకు వంచుతారు, రెండో దశలో ఇంజనునే కదిలిస్తారు. మన కాగితానికి ఆ తెలివి లేదు కాబట్టి రెక్కలు కావాలి. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న మొట్టమొదట లేచిన రోహిణి 125 రాకెట్టుకు కూడా తోక దగ్గర రెక్కలు ఉండేవి. ఆ 125 అన్నది దాని మందం, మిల్లీమీటర్లలో. పన్నెండున్నర సెంటీమీటర్లంటే ఎంతో పిల్లలను స్కేలుతో కొలిచి చూపమనండి. మన శ్రీహరికోటలో కథ మొదలైంది ఆ సైజుతోనే.

లెక్కల పంతులమ్మ

ఎత్తు కొలవకపోతే ఏ రాకెట్టు మేలో తేలదు, అందుకని నేనూ రెండు మాటలు రాస్తున్నాను. కోణమానిని మధ్యలో దారానికి చిన్న నట్టు కట్టి వేలాడదీసి, దాని సరళ అంచుకు స్ట్రా అంటిస్తే చాలు. స్ట్రా లోంచి రాకెట్టు అత్యంత ఎత్తున ఉన్నప్పుడు చూసి, దారం చూపే కోణాన్ని 90 నుంచి తీసివేస్తే ఊర్ధ్వకోణం వస్తుంది. 20 మీటర్ల దూరంలో నిలబడి 50 డిగ్రీలు చూస్తే, టాన్ 50 విలువ 1.19 గనుక ఎత్తు దాదాపు 24 మీటర్లు. దానికి చూసినవారి కంటి ఎత్తు కలపాలి. పదో తరగతిలో వచ్చే త్రికోణమితి తొమ్మిదిలోనే ఇలా పరిచయం కావడం నాకు ఇష్టమే.

అయితే దగ్గర నిలబడి కొలిస్తే మోసపోతారు. 20 మీటర్ల నుంచి 60 డిగ్రీలు చూసినప్పుడు ఒక్క డిగ్రీ తప్పితే ఎత్తులో సుమారు మీటరున్నర తేడా వస్తుంది. అదే 75 డిగ్రీలు చూసినప్పుడు తప్పితే ఐదు మీటర్ల తేడా. నీటి రాకెట్టుకు 40 మీటర్ల దూరం జరగండి. రాకెట్టు పక్కకు కొట్టుకుపోతుంది కాబట్టి ఎదురెదురుగా ఇద్దరిని నిలబెట్టి సగటు తీయండి. పడటానికి పట్టిన సమయంతో ఎత్తు కట్టే సూత్రం కాగితం రాకెట్టుకు పనికిరాదు, గాలి దాన్ని ఆపుతూ దింపుతుంది గనుక అసలు కంటే ఎక్కువ ఎత్తు చూపుతుంది.

కావలి తూర్పు

రెండు వారాల తరువాత రాస్తున్నాను. పెద్దాయన అనుమానం నిజమే, పల్టీ కొట్టినవాటిలో ఎక్కువ భాగం నడుముకు రెక్కలు పెట్టినవే. తోకకు దించి, ముక్కులో మన్ను పెట్టాక నలభైలో ముప్పై ఆరు తిన్నగా పోయాయి. మరొక చిక్కును పిల్లలే విప్పారు. తొక్కే కాలు మారితే ఎత్తు మారుతోందని, ఒకే ఇసుక సంచిని బల్ల ఎత్తు నుంచి సీసా మీదికి వదలాలని ఒక అమ్మాయి చెప్పింది. చీటీ రాసిన అమ్మాయే. ఆ మాట నాకు తట్టనే లేదు. అప్పటి నుంచి పోలికలకు అర్థం వచ్చింది: రెక్కలు లేనిది పల్టీ కొట్టింది, చిన్న రెక్కలది అన్నిటికంటే ఎత్తుకు పోయింది, పెద్ద రెక్కలది అంత ఎత్తు పోలేదు.

మొదటి నీటి రాకెట్టును మా ప్రధానోపాధ్యాయులు తాడు గీత వెనుక తామే నిలబడి చూసి, ఆ తరువాతే మిగతా మూడింటికి అనుమతి ఇచ్చారు. 35 పాయింట్లతో ఎగరేశాము. లెక్కల మేడమ్ గారు చెప్పినట్టు ఇద్దరు కొలిచి సగటు తీస్తే 28 మీటర్లు వచ్చింది.

ఇప్పుడు కొత్త తగాదా ఒకటి మిగిలింది. మధ్యాహ్నం పూట ఎగరేసిన పెద్ద రెక్కల రాకెట్లన్నీ లేచీ లేవగానే తూర్పుకే తిరిగాయి. "మన రాకెట్టు కూడా శ్రీహరికోట రాకెట్టులాగే తూర్పుకే పోతోంది" అని పిల్లలు సంబరపడుతున్నారు. అక్కడ తూర్పుకు పంపేది భూభ్రమణం వల్ల కలిసివచ్చే వేగం కోసం, కింద సముద్రం ఉండటం కోసం అని చెప్పాను. మన దగ్గర మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి వీస్తుంది, పెద్ద రెక్కలను గాలి వెనక్కి తోయడం వల్ల ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది అని కూడా చెప్పాను. సగం మంది నమ్మలేదు, గాలి తూర్పు నుంచి వీస్తే రాకెట్టు పడమటికి కదా కొట్టుకుపోవాలి అంటున్నారు. నమ్మించాలని నాకూ లేదు. శుక్రవారం ప్రార్థనకు ముందు, నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీచే వేళలో, అవే రాకెట్లను అదే ఇసుక సంచితో ఎగరేస్తున్నాము. పడమటికి తిరుగుతుందని పందొమ్మిది మంది, తూర్పుకే పోతుందని ఇరవై ముగ్గురు చీటీలు రాసి ఇచ్చారు.